హెరాల్డ్ ముందు చక్రాల కింది కీళ్ళకు నూనె పోయాలా, గ్రీజు కొట్టాలా?

ప్రశ్న: నా దగ్గర 1966 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ 1200 కారు ఉంది. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. ఈమధ్య స్టీరింగ్ బరువెక్కింది. మలుపు తిప్పి వదిలేస్తే చక్రాలు వాటంతట అవి తిన్నగా రావడం లేదు. గతుకుల్లో ముందువైపు నుంచి కిర్రుమనే చప్పుడు వస్తోంది. మా బావగారికి మోరిస్ మైనర్ ఉంది. 'కింది కీళ్ళకు నిండా గ్రీజు కొట్టు, అన్నీ సర్దుకుంటాయి' అంటారాయన. కారుతోపాటు వచ్చిన పాత పుస్తకంలో మాత్రం అక్కడ గేర్ ఆయిల్ వాడాలని ఉంది. ఇంతకుముందు యజమాని ఏది వాడేవారో తెలియదు. నూనె పోస్తే కిందికి కారిపోతుందని కూడా విన్నాను. ఎవరి మాట వినాలి? ఎన్నాళ్ళకొకసారి చేయాలి?

సమాధానం: పుస్తకం మాటే వినండి. అక్కడ పోయవలసింది గేర్ ఆయిలే. అయితే ఈ సంగతి మీ బావగారికి చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పండి, ఎందుకంటే తన కారు వరకు ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1948లో వచ్చిన మోరిస్ మైనర్‌లో ముందు చక్రాన్ని పట్టి నిలిపేవి మరలున్న కీళ్ళే, పైన ఒకటి, కింద ఒకటి. వాటికి గ్రీజే కొట్టాలి, అదీ చాలా తక్కువ దూరానికే మళ్ళీ మళ్ళీ కొట్టాలి. 1959లో వచ్చిన హెరాల్డ్ కింది కీలు చూపులకు దానికి దగ్గర చుట్టంలా ఉంటుంది. అందుకే మైనర్లకు పనిచేసి చేయి తిరిగినవారు సైతం హెరాల్డ్ కిందికి దూరగానే గ్రీజు గన్ అందుకుంటారు. పాత కార్ల విషయంలో పెద్ద పొరపాట్లు చాలావరకు తెలియక జరిగేవి కావు, పక్క కారు గురించి బాగా తెలిసి ఉండడం వల్ల జరిగేవి.

నూనెనా గ్రీజా అన్న తర్కంలోకి వెళ్ళే ముందు ఒక మాట. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీ కారుకు ముందు కావలసింది కందెన కాదు, తనిఖీ. స్టీరింగ్ బరువెక్కడం, చక్రాలు తిన్నబడకపోవడం రెండూ కలిసి కనిపిస్తున్నాయంటే కింది కీళ్ళలో కనీసం ఒకటి ఎండిపోయి పట్టేస్తూ ఉండవచ్చు. అలా పట్టేసిన కీలుకు నూనె పోసి, స్టీరింగ్ కొంచెం తేలికైందని సంతోషపడి బయలుదేరడం మంచిది కాదు. ఎందుకో తెలియాలంటే ఆ కీలు ఎలా పనిచేస్తుందో చూడాలి.

హెరాల్డ్ ముందు చక్రం బిగించి ఉండేది ఒక నిలువైన ఉక్కు కడ్డీకి. దాన్ని వర్టికల్ లింక్ అంటారు. దాని పై కొస బాల్ జాయింట్ (గిన్నెలో గుండులా ఎటైనా తిరిగే కీలు) ద్వారా పై విష్‌బోన్‌కు, అంటే చక్రాన్ని చాసిస్‌కు కలిపే రెండు పాయల చేయికి, కలుస్తుంది. కింది కొసకు మరలు కోసి ఉంటాయి. ఆ మరల కొస ఒక కంచు దిమ్మలోకి దిగి ఉంటుంది. ఆ దిమ్మే ట్రనియన్. ట్రనియన్ కింది విష్‌బోన్ రెండు చేతుల మధ్య అడ్డంగా ఒక బోల్టు మీద కూర్చుంటుంది. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు ట్రనియన్ ఆ బోల్టు మీద తిరుగుతుంది. మీరు స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రం ఉక్కు కడ్డీ ట్రనియన్ మరల్లో తిరుగుతుంది. అంటే మీరు మలుపు తీసుకున్న ప్రతిసారీ ఒక పెద్ద స్క్రూను కొద్దిగా బిగిస్తున్నారు, మళ్ళీ కొద్దిగా వదులు చేస్తున్నారు.

ఇందులో గమనించవలసింది, స్ప్రింగు కూర్చునేది కింది విష్‌బోన్ మీద. కారు ముందు భాగం బరువు స్ప్రింగులోంచి కింది విష్‌బోన్‌కు, అక్కడి నుంచి ట్రనియన్‌కు, దాని మరల్లోంచి ఉక్కు కడ్డీకి, చివరికి చక్రానికి చేరుతుంది. పై బాల్ జాయింట్ ప్రధానంగా చక్రాన్ని నిటారుగా పట్టుకునే పని చేస్తుందే తప్ప బరువు మోయదు. మోత అంతా కింది మరలదే. ఆ మరలకు కందెన అందకపోతే అరుగుతాయి. అరగడం ఒక రకంగా నయమే, వదులు వచ్చి చేతికి తెలుస్తుంది. అసలు ప్రమాదం తుప్పు. పైన ఉన్న రబ్బరు సీలు పాడైతే నీళ్ళు లోపలికి దిగి, కడ్డీ మరలు మొదలయ్యే మెడ దగ్గర నిలుస్తాయి. మర గాడి అడుగున సన్నని తుప్పు గుంట పడితే వంపు బలమంతా అక్కడే కేంద్రీకరిస్తుంది. గుంట పగులుగా మారుతుంది, పగులు మెల్లగా లోపలికి పాకుతుంది. ఒకరోజు కడ్డీ అక్కడే తెగి, చక్రం పక్కకు మడత పడి, కారు ముందు మూల నేలకు ఆనుతుంది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్, విటెస్, జీటీ6 అన్నీ ఇదే కుటుంబం, అన్నిటికీ ఈ జబ్బు ఉంది. చాలాసార్లు ఇది స్టీరింగ్ పూర్తిగా తిప్పి కారును మెల్లగా నిలుపుకుంటున్నప్పుడు జరుగుతుంది. అది అదృష్టమే కానీ దాన్ని నమ్ముకుని తిరగలేం.

ఇక నూనె ఎందుకు? ఈ మరల మధ్య సందు చాలా సన్నం. కదలిక కూడా తక్కువే, చక్రం ఎంత తిప్పినా కడ్డీ ఒక పూర్తి చుట్టు తిరగదు. ఇలాంటి చోట గ్రీజు పెడితే బరువు పడే ముఖం నుంచి పక్కకు నెట్టబడుతుంది, తిరిగి లోపలికి పారదు. పైపై చూస్తే కీలు నిండా గ్రీజు ఉన్నట్టే ఉంటుంది, రాపిడి జరిగే గీత మీద మాత్రం ఏమీ ఉండదు. కొన్నేళ్ళకు గ్రీజులోని నూనె ఇంకిపోయి, దాన్ని చిక్కగా ఉంచే పిండి మాత్రం మిగిలి గట్టిపడి దారులు మూసేస్తుంది. ఆ తరువాత గన్ ఎంత నొక్కినా కొత్త గ్రీజు తేలికైన దారి చూసుకుని బయటికి వస్తుంది తప్ప మరల దాకా పోదు. నూనె అలా కాదు. నెట్టేసినా తిరిగి వస్తుంది, మర గాడి వెంబడి పాకుతుంది, పైనున్న సీలు దాకా ఎక్కి ఉక్కును తడిపి ఉంచుతుంది. కొత్త నూనె ఎక్కించినప్పుడు పాత నూనెతోపాటు చేరిన తేమను కూడా బయటికి తోసేస్తుంది. నా దృష్టిలో ఈ కీలులో నూనె చేసే పెద్ద పని ఇదే. అరుగుదల ఆపడం దాని తరువాతది.

నూనె అంటే చవకబారు ఉపాయం అనుకునేవారికి ఒక సంగతి. పాత రోల్స్-రాయిస్ కార్లలో డ్రైవరు కాలి దగ్గర ఒక పెడల్ ఉండేది. దాన్ని తొక్కితే సన్నని గొట్టాల ద్వారా చాసిస్ కీళ్ళకు నూనె అందేది. 1955లో వచ్చిన సిల్వర్ క్లౌడ్‌లో కూడా ఆ ఏర్పాటు ఉంది. డబ్బుకు వెనకాడని ఇంజినీర్లు సైతం ముందు కీళ్ళకు నూనెనే నమ్ముకున్నారు. మన హెరాల్డ్‌కు పెడల్ లేదు, మోకాళ్ళ మీద కూర్చోవాలి, అంతే తేడా.

అలాగని గ్రీజు కొట్టిన హెరాల్డ్ మరునాడే విరిగిపడదు. తరచూ గ్రీజు కొట్టించుకున్న కీలు, పదేళ్ళుగా ఎవరూ తాకని కీలు కంటే మంచి స్థితిలో ఉంటుంది. ఈ కడ్డీలను ఎక్కువగా చంపింది గ్రీజు కాదు, నిర్లక్ష్యం. మీ బావగారితో వాదం వస్తే ఇక్కడ రాజీపడండి.

మీ కారులో ఇదివరకు ఏది వాడారో తెలియదన్నారు కాబట్టి విప్పి చూడటం తప్పదు. లోపల గట్టిపడిన గ్రీజు ఉంటే దానిమీద నూనె ఎక్కించి ప్రయోజనం లేదు. ఇంకా ముఖ్యం, బయటి నుంచి ఎంత చూసినా ఆ మెడ దగ్గర తుప్పు కనబడదు.

విప్పే ముందు వదులు చూడండి. కారును గట్టి నేల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. జాకీ కింది విష్‌బోన్ కింద, చక్రానికి దగ్గరగా పెట్టి ఎత్తాలి. స్ప్రింగు ఆ విష్‌బోన్ మీద ఉంది కాబట్టి ఇలా ఎత్తితే స్ప్రింగు నొక్కుకుని, కింది కీలు మీద బిగువు తగ్గి, వదులు ఉంటే బయటపడుతుంది. చాసిస్ కింద ఎత్తి చక్రాన్ని వేలాడనిస్తే స్ప్రింగు బలం వదులును దాచేయవచ్చు. ఇక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే, ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట మాయమైతే వదులు హబ్బు (చక్రం నడిమి దిమ్మ) బేరింగులో ఉన్నట్టు. అప్పటికీ ఆడుతుంటే బాల్ జాయింట్‌లోనో ట్రనియన్‌లోనో ఉన్నట్టు. ఎక్కడో తేల్చుకోవాలంటే ఒకరు ఊపుతుండగా మీరు కీళ్ళ మీద వేలు ఆనించి చూడండి, కంటికి ఆనని కదలిక వేలికి తెలుస్తుంది. కుడి ఎడమలకు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట ఉంటే స్టీరింగ్ రాడ్ల కొసలు చూడాలి.

స్టీరింగ్ బరువు ఏ పక్క నుంచి వస్తోందో కూడా అప్పుడే తెలుసుకోవచ్చు. ముందు టైర్లలో గాలి సరిగా ఉందో లేదో మొదట చూడండి, చిన్న విషయమని వదిలేయకండి. తరువాత రెండు ముందు చక్రాలూ గాలిలో ఉండగా స్టీరింగ్ రాడ్ కొసలను విప్పి, ఒక్కో చక్రాన్ని చేత్తో మలుపు దిశలో తిప్పి చూడండి. మంచి కీలు అయితే ఆద్యంతం ఒకే తీరుగా, మెత్తని నిరోధంతో కదులుతుంది. పట్టేస్తున్నదో, గరగరలాడుతున్నదో ఉంటే దోషి దొరికినట్టే. రెండు చక్రాలూ తేలికగా తిరిగితే స్టీరింగ్ రాక్ వైపు, అంటే స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే పళ్ళ కడ్డీ వైపు చూడాలి.

విప్పడానికి స్ప్రింగు భయం అక్కరలేదు. హెరాల్డ్‌లో స్ప్రింగు షాక్ అబ్జార్బర్ చుట్టూ అమర్చి ఉంటుంది, షాక్ అబ్జార్బర్ దాన్ని పట్టి ఉంచుతుంది. దాన్ని దాని చోటనే వదిలేసి, చాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, చక్రం, బ్రేకు భాగాలు తప్పిస్తే నిలువు కడ్డీని ట్రనియన్‌తో సహా బయటికి తీయవచ్చు. బ్రేకు గొట్టం మీద బరువు వేలాడనివ్వకండి, తీగతో పైకి కట్టండి. స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ విడదీయాలనుకుంటే మాత్రం సరైన స్ప్రింగు బిగింపు పనిముట్టు లేకుండా చేయి పెట్టవద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్ళవద్దని వేరే చెప్పాలా? చెబుతున్నాను.

అసలు మొరాయించేది ట్రనియన్ అడ్డ బోల్టు. అది తన ఉక్కు గొట్టంలో తుప్పుపట్టి అతుక్కుపోయి ఉంటుంది. తుప్పు వదిలించే నూనె ముందు రోజే పోసి ఉంచండి. అప్పటికీ రాకపోతే కోసేయడమే మేలు, సుత్తితో బాదితే విష్‌బోన్ చెవులు వంగుతాయి. తిరిగి బిగించేటప్పుడు ఆ బోల్టుకు రాగి కలిసిన యాంటీ-సీజ్ పూత పూస్తే, మళ్ళీ విప్పే రోజున మిమ్మల్ని మీరే మెచ్చుకుంటారు. బోల్టు చుట్టూ తొడుగుల్లా ఉండే నైలాన్ బుష్షులు, వాషర్లు, రబ్బరు రింగులు కొత్తవి వేయండి. పాతవి బాగున్నాయనిపించినా సరే.

కడ్డీ నుంచి ట్రనియన్‌ను మర విప్పి తీశాక కిరోసిన్‌తో, గట్టి బ్రష్షుతో మరలను మెరిసేదాకా శుభ్రం చేసి, మంచి వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి. మెడ దగ్గరి తొలి మరల గాడి అడుగున నల్లని చుక్కలు, గుంటలు ఉంటే ఆ కడ్డీ పని అయిపోయింది. దాన్ని సానపట్టి వాడాలన్న ఆలోచన రానివ్వకండి, వెల్డింగ్ మాట అసలే వద్దు. గుంటలు లేకపోయినా, మీకు సందేహంగా ఉంటే పగుళ్ళు చూపించే రంగు ద్రవంతో పరీక్ష చేయించండి. శుభ్రం చేసిన ఉక్కు మీద ఆ రంగు పూసి తుడిచి, తెల్లని పొడి చల్లితే పగులులోకి దిగిన రంగు బయటికి ఊరి గీతలా కనబడుతుంది. ఈ పాత కడ్డీ మీద మీ ప్రాణం ఆధారపడి ఉంది కాబట్టి ఆ శ్రమ ఎక్కువేమీ కాదు.

కొత్త ట్రనియన్ కొనవలసి వస్తే కుడి, ఎడమ చూసుకోండి. రెండు పక్కల మరలు ఒకే దిశలో ఉండవు, ఒక పక్కది మామూలు మర, రెండోది ఎడమ మర. రెండింటినీ ఒకేసారి విప్పి ఒకే పళ్ళెంలో వేసుకున్నవారు తరువాత తల గోక్కున్న సందర్భాలు కొల్లలు. ఒక పక్క పూర్తిచేశాకే రెండో పక్క ముట్టుకోండి. తిరిగి ఎక్కించేటప్పుడు కొత్త సీలు వేసి, మరలకు నూనె రాసి, ట్రనియన్‌ను చివరిదాకా బిగించి, ఆపైన ఒక చుట్టుకు మించకుండా వెనక్కి విప్పి సరైన దిశలో నిలపాలి. చివరిదాకా బిగించి అలాగే వదిలేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మర అడుగుకు తగిలి పట్టేస్తుంది. అప్పుడు పడే బలం అంతా మనం ఇంతసేపూ భయపడిన ఆ మెడ మీదనే.

ఇప్పుడు నూనె ఎక్కించడం. ట్రనియన్ పక్కన చిన్న ప్లగ్గు ఉంటుంది. దాన్ని తీసి గ్రీజు నిపుల్, అంటే గన్ మూతి తగిలించే చిన్న మొన, బిగించాలి. చాలా కార్లలో ఎవరో ఒకరు నిపుల్‌నే శాశ్వతంగా వదిలేసి ఉంటారు, తప్పేమీ లేదు. కాకపోతే గ్రీజుకు అలవాటుపడిన చేతులకు నిపుల్ కనిపించడమే ఆహ్వానం, అందుకే దాని పక్కన కాస్త రంగు పూసి 'నూనె మాత్రమే' అని రాసిపెట్టుకోండి. నూనె కోసం చిన్న గ్రీజు గన్ ఒకటి విడిగా ఉంచుకోవాలి. గ్రీజు వాడిన గన్‌లో నూనె పోస్తే లోపలి పాత గ్రీజే ముందుగా కీలులోకి పోతుంది. నూనె నింపిన గన్ కొంచెం కారుతుంది, దాన్ని గుడ్డలో చుట్టి పట్టుకోండి.

ఈ పనికి జాకీ చోటు మారుతుంది. వదులు చూసేటప్పుడు విష్‌బోన్ కింద పెట్టాం, ఇప్పుడు చాసిస్‌ను ఎత్తి స్టాండ్ల మీద నిలిపి చక్రాలను కిందికి వేలాడనివ్వాలి. కారు బరువు తగ్గితే మర ముఖాల మధ్య సందు తెరుచుకుని నూనె అక్కడికి పోతుంది. నిపుల్ చుట్టూ ఉన్న మట్టిని ముందు శుభ్రంగా తుడవండి, లేకపోతే మొదటి నొక్కుకే ఇసుకను మీరే లోపలికి పంపినట్టవుతుంది. మెల్లగా నొక్కుతూ ఇంకొకరిని స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పమనండి. పై సీలు దగ్గర మొదట మురికి నూనె, కొన్నిసార్లు తుప్పు రంగుది, వస్తుంది. శుభ్రమైన నూనె వచ్చేదాకా ఆపవద్దు. వచ్చేది పాలలా తెల్లగా ఉంటే లోపల నీరు చేరినట్టు, సీలు పోయినట్టు. ఎంత నొక్కినా ఏమీ రాకపోతే బలప్రయోగం వద్దు. నిపుల్ తీసి దాని లోపలి చిన్న గుండు కదులుతోందో లేదో చూడండి. అది బాగానే ఉంటే దారి మూసుకుపోయినట్టు, మళ్ళీ విప్పడమే. కారిన నూనెను బ్రేకుల వైపు పోనివ్వకుండా వెంటనే తుడిచేయండి.

ఏ నూనె అంటే, ఈపీ 90 రకం హైపాయిడ్ గేర్ ఆయిల్. ఇప్పటి డబ్బాల మీద 80డబ్ల్యూ-90 అని ఉంటుంది, అదే. ఇంజిన్ ఆయిల్ ఇక్కడికి పలుచన. గేర్ ఆయిల్ తరగతుల్లో జీఎల్-4, జీఎల్-5 రెండూ అందుబాటులో ఉంటే జీఎల్-4 తీసుకోండి. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకపు మిశ్రమాలు కొన్ని రకాల్లో కంచు, ఇత్తడి వంటి లోహాలను తినే అవకాశం ఉంది. ఈ కీలులో తిరిగే వేగం, వేడి ఏమీ లేవు కాబట్టి ఆ భయాన్ని మరీ పెద్దది చేయనవసరం లేదు, కానీ ట్రనియన్ కంచుదే అయినప్పుడు సందేహానికి చోటు ఎందుకు?

మీ కిర్రు చప్పుడు మాత్రం ట్రనియన్‌ది కాకపోవచ్చు. హెరాల్డ్ వచ్చేనాటికి రబ్బరు, నైలాన్ బుష్షుల వల్ల గ్రీజు కొట్టవలసిన చోట్లు బాగా తగ్గాయి. ఆ రబ్బరే ముసలిదై చప్పుడు చేస్తుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. విష్‌బోన్ల లోపలి కొసల బుష్షుల మీద, యాంటీ-రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) పట్టీల మీద ఒక్కోచోట నీళ్ళు చిలకరించి కారు ముందు భాగాన్ని చేతులతో ఊపండి. ఎక్కడ తడిపితే చప్పుడు కాసేపు ఆగిందో అదే దాని స్థానం. అక్కడ ఇంజిన్ ఆయిలో గ్రీజో పూయాలనిపిస్తుంది, పూయకండి. ఖనిజ నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడవుతుంది. తాత్కాలికంగా కావాలంటే సిలికాన్ గ్రీజు వాడవచ్చు. నిజమైన మందు కొత్త బుష్షులు. బుష్షు లోపలి ఉక్కు గొట్టానికీ బయటి గొట్టానికీ రబ్బరు పట్టి ఉంటుంది. అది తిరగదు, మెలిపడుతుంది. అందుకే కొత్తవి వేసినప్పుడు ఆ బోల్టులను కారు చక్రాల మీద నిలబడి, తన మామూలు ఎత్తులో ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే కారును దించగానే రబ్బరు మెలిపడిపోయి ఎప్పుడూ అలాగే ఉంటుంది, త్వరలోనే చిరుగుతుంది. ఇది తెలియక ఏడాదికే బుష్షులు మార్చి, 'ఈ కాలపు రబ్బరు మంచిది కాదు' అని తిట్టేవారు చాలామంది. ఈ కాలపు రబ్బరు గురించి ఆ మాట కొంత నిజమే అనుకోండి. పాలీయూరిథేన్ బుష్షులు మీకు నచ్చితే వాటితో ఇచ్చిన గ్రీజు పూసి వేయాలి, లేకపోతే వాటి చప్పుడు ముందు ఈ కిర్రు సంగీతం అనిపిస్తుంది.

కింది విష్‌బోన్ పట్టీలకూ చాసిస్‌కూ మధ్య సన్నని రేకు ముక్కలు ఉంటాయి. చక్రం వాలును సరిచేసేవి అవే. ఎక్కడ ఎన్ని ఉన్నాయో రాసుకుని అక్కడే తిరిగి పెట్టండి. అన్నీ పూర్తయ్యాక చక్రాల అమరిక చూపించుకోవడం తప్పనిసరి.

గ్రీజుకు పనేమీ లేదని అనుకోకండి. ముందు హబ్బు బేరింగులకు కావలసింది గ్రీజే, చక్రాల బేరింగులకని అమ్మే రకం. పాత గ్రీజు పూర్తిగా కడిగి, రోలర్ల మధ్యకు వేళ్ళతో ఎక్కించాలి. పాతదాని మీద కొత్త రకం పెట్టడం మంచిది కాదు, గ్రీజు పిండి రకాలు కొన్ని ఒకదానితో ఒకటి పడక పలుచబడి కారిపోతాయి. హబ్బు టోపీని నిండా కూరవద్దు, వేడెక్కితే అది బ్రేకు వైపు దారి చూసుకుంటుంది. నట్టును హబ్బు తిప్పుతూ తేలికగా బిగించి, నట్టు ఒక ముఖం మేర, అంటే ఆరో వంతు చుట్టు, వెనక్కి తిప్పి, కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి. కొంచెం ఆట మిగలాలి. స్టీరింగ్ రాక్‌కు కూడా గ్రీజు ఉంది, కానీ అక్కడ చేయి పొదుపుగా ఉండాలి. ఎక్కువ కొడితే రెండు పక్కల రబ్బరు తొడుగులు ఉబ్బి చిరుగుతాయి.

ఎన్నాళ్ళకొకసారి అన్నదానికి పుస్తకం 6,000 మైళ్ళు, అంటే దాదాపు 9,600 కిలోమీటర్లు అంటుంది. అది రోజూ తిరిగే కారు లెక్క. మీ కారు అంత దూరం తిరగడానికి అయిదేళ్ళు పడుతుంది, తుప్పుకు అయిదేళ్ళు చాలా ఎక్కువ. మీరు దూరం వదిలేసి కాలాన్ని పట్టుకోండి. ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి నూనె ఎక్కించండి. నిలిచిన నీళ్ళలో కారు నడిపితే ఆ వారంలోనే ఇంకోసారి చేయండి. వేగంగా నీళ్ళు చిమ్మే యంత్రంతో కారు కడిగేటప్పుడు ఆ ధారను ట్రనియన్ సీలు మీదకు తిప్పవద్దు. కారు నెలల తరబడి కదలకుండా ఉంటే అప్పుడప్పుడు చక్రాలు ఎత్తి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే నూనె మరలంతా పరుచుకుంటుంది. అప్పటిదాకా, అంటే ఆ కడ్డీలు విప్పి చూసేదాకా, కారు తీయకుండా ఉంటేనే నాకు నిశ్చింత.

ఇక కారడం సంగతి. మీరు విన్నది సగం నిజం. నూనె ఎక్కించిన రోజు, మరునాడు పై సీలు చుట్టూ కొంత ఊరి చుక్కలు పడటం మామూలే, కింద ఒక అట్టముక్క వేస్తే సరిపోతుంది. చుక్క ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ట్రనియన్ అడుగున ఒక చిన్న మూత నొక్కి ఉంటుంది. దాని అంచు నుంచి కారుతుంటే లోపలి నూనె వారం తిరిగేసరికి ఖాళీ అవుతుంది. నూనె నిలవదు కాబట్టి గ్రీజు కొడదామనే ఆలోచన చాలామందికి పుట్టేది ఇక్కడే. అడుగు కారే ట్రనియన్‌కు సరైన మందు మూతను శుభ్రం చేసి అంచు అతికించడం, అది నిలవకపోతే కొత్త ట్రనియన్ వేయడం. కొత్తదాన్ని కారుకు బిగించే ముందే నూనెతో నింపి ఒక రాత్రి కాగితం మీద నిలబెట్టి ఉంచండి. కొత్తవాటిలో కూడా కారేవి ఉంటాయి, కాగితం మీద మరక పడితే తిరిగి ఇచ్చేయండి.